వార్డులో పుట్టిన ప్రశ్న, ఫోనులో పాఠం

(వార్షిక కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం)



నర్సింగ్ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో లైబ్రరీ పాఠాలు ఎలా తయారు చేస్తున్నారో చెప్పమని మమ్మల్ని పిలిచారు. న్యాయం గురించి, హక్కుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద లైబ్రరీ పాఠాలకు ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజం చెప్పాలంటే మొదట్లో మాకూ అలాగే అనిపించింది. మాలో ముగ్గురు లైబ్రరీల్లో పని చేస్తారు, ఇద్దరు నర్సింగ్ పాఠాలు చెబుతారు. పుస్తకాలకు నంబర్లు వేయడం, జర్నళ్లు సర్దడం, తనిఖీకి వచ్చేవాళ్లకు రిజిస్టర్లు చూపించడం, ఇదే లైబ్రరీ పని అనుకుంటూ చాలా ఏళ్లు గడిపాం. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న మమ్మల్ని ఆ కుర్చీలోంచి లేపింది. అక్కడినుంచే మొదలుపెడతాం.

ఆ అమ్మాయిది రాయగడ వైపు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, బెంగళూరు వార్డులో రోగులతో కన్నడం. అప్పటికి మూడో సంవత్సరం చదువుతోంది, మెడికల్ వార్డులో పోస్టింగ్. అక్కడ కోలారు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. ఆమె కూడా తెలుగే మాట్లాడేది కాబట్టి ఈ అమ్మాయిని చూడగానే చేయి పట్టుకుని కూర్చోబెట్టుకునేది. ఆమెకు నరం దొరకదు. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే క్యాన్యులాను మూడు రోజులకోసారి తీసి కొత్తది పెట్టాలని ఆ వార్డులో నియమం. అది పెట్టేటప్పుడు నాలుగైదు సార్లు గుచ్చాల్సి వచ్చేది. "బాగానే నడుస్తోంది గదమ్మా, ఎందుకు తీస్తారు?" అని ముసలమ్మ అడిగింది. ఈ అమ్మాయి ఆ ప్రశ్నను ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. "రూల్ అంతే. ముందు చేతులు నేర్చుకో, ప్రశ్నలు తరువాత" అన్నారామె. ఆ సిస్టర్‌ను మేము తప్పుపట్టడం లేదు. ముప్పై మంది రోగులను ఇద్దరు చూస్తున్న పూట అది. ఆమెకు కూడా ఎవరూ ఎప్పుడూ కారణం చెప్పి ఉండరు.

సాయంత్రం అమ్మాయి లైబ్రరీకి వచ్చింది. మేము గర్వంగా, "ఆన్‌లైన్‌లో పాఠం పెట్టాం గదా, చూడలేదా?" అన్నాం. చూడలేదు. ఎవరూ చూడలేదని తరువాత తెలిసింది. దాని సంగతి కాసేపట్లో చెబుతాం. ఆ రోజు మాత్రం ఆమె పక్కన కుర్చీ వేసుకుని గంటన్నర కూర్చున్నాం. మా పాఠాలన్నిటికీ ఆ గంటన్నరే మూలం కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఆమె అప్పటికే గూగుల్‌లో వెతికింది. కోచింగ్ సెంటర్ల నోట్సు, సూదులు అమ్మే కంపెనీల పేజీలు వచ్చాయి. ఒకరు మూడు రోజులన్నారు, ఇంకొకరు నాలుగన్నారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. మేము మొదట కాగితం తీసి ఆ ప్రశ్ననే నాలుగు ముక్కలు చేశాం. రోగి ఎవరు? చేస్తున్న పని ఏమిటి? దేనితో పోలుస్తున్నాం? ఏ ఫలితం కోసం చూస్తున్నాం? వైద్య గ్రంథాలయాల్లో దీన్ని పికో అంటారు. పేరు గుర్తులేకపోయినా నష్టం లేదు. క్యాన్యులా ఉన్న పెద్దవాళ్లు; నియమం ప్రకారం మార్చడం; వాపో నొప్పో కనబడితేనే మార్చడం; ఇన్ఫెక్షన్, నరం వాపు. ఇలా రాసేసరికి ముసలమ్మ అడిగిన మాట వెతకడానికి వీలైన ప్రశ్నగా మారింది.

తరువాత పబ్‌మెడ్ తెరిచాం. అమెరికా ప్రభుత్వపు నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే సూచిక అది. 1997 నుంచి ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి. నరం వాపును ఫ్లెబైటిస్ అంటారు. ఆ మాట అమ్మాయికి వినడానికి తెలుసు, పలకడానికీ తెలుసు. టైపు చేసేటప్పుడు మాత్రం ఎఫ్‌తో మొదలుపెట్టింది. అది పీ, హెచ్‌తో మొదలవుతుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ప్రాంతీయ భాషలో బడి చదువు చదివిన పిల్లలు చెవితో నేర్చుకున్న మాటల్ని కంటితో గుర్తుపట్టలేక ఎన్ని తలుపుల ముందు ఆగిపోతున్నారో మాకు ఆ పూటే అర్థమైంది. దీనికి తోడు మన పాఠ్యపుస్తకాల్లో అనీమియా, ఎడీమా వంటి మాటలకు బ్రిటిష్ స్పెల్లింగు, పబ్‌మెడ్ శీర్షికల్లో అమెరికన్ స్పెల్లింగు. తెలిసినవాళ్లకు తమాషా, తెలియనివాళ్లకు గోడ.

ఈ గోడకు ఒక కిటికీ ఉంది. మన ఇళ్లలో పక్షవాతం అంటాం. వార్డులో స్ట్రోక్ అంటారు. కేస్ షీట్‌లో సీవీఏ అని రాస్తారు. అందరూ చెప్పేది ఒకే జబ్బు గురించి. ఇలా రకరకాల పేర్లతో తిరిగే విషయాలన్నిటినీ ఒక్కొక్క అధికారిక శీర్షిక కిందికి చేర్చే పట్టిక పబ్‌మెడ్ వెనకాల ఉంటుంది. దాని పేరు మెష్, 1960 నుంచి నడుస్తోంది. మీరు వాడుక మాటలో బెడ్‌సోర్ అని కొట్టినా అది ప్రెషర్ అల్సర్ అనే శీర్షికను పట్టుకుని, ఆ శీర్షిక కింద చేర్చిన వ్యాసాలను కూడా తెస్తుంది. క్యాన్యులాకు ఏ శీర్షిక ఉందో అమ్మాయే వెతికి పట్టుకుంది. రెండు విషయాలూ ఉన్నవే కావాలంటే మధ్యలో యాండ్, రెండు పేర్లలో ఏదున్నా చాలంటే ఆర్ పెట్టాలి. పొయ్యి మీద కూర ఉడికేలోగా చెప్పేయగల సంగతి ఇది. తరగతుల్లో మేము దీనికి గంట తీసుకునేవాళ్లం.

ఆమెకు దొరికింది కోక్రేన్ సమీక్ష. ఒక ప్రశ్న మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ గాలించి, వాటి నాణ్యత చూసి, కలిపి లెక్కగట్టేదాన్ని అలా అంటారు. ఈ ప్రశ్న మీద మొదటి సమీక్ష 2010లో వచ్చింది. 2019లో సవరించినదానిలో 9 ప్రయోగాలు, 7,412 మంది రోగులు ఉన్నారు. నియమం ప్రకారం మూడు నాలుగు రోజులకోసారి మార్చినా, అవసరం కనబడినప్పుడే మార్చినా రక్తంలో ఇన్ఫెక్షన్‌లో గానీ నరం వాపులో గానీ స్పష్టమైన తేడా కనబడలేదు. అవసరమైతేనే మార్చినప్పుడు ఖర్చు తగ్గింది. అయితే మందు నరం బయటికి కారడం, సూది మూసుకుపోవడం ఆ పద్ధతిలో కొంత ఎక్కువ.

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. మాదీ వెలిగింది. ఇక్కడే ఆగి ఉంటే మేము ఆమెకు సగం పాఠమే చెప్పినవాళ్లమయ్యేవాళ్లం. మాలో నర్సింగ్ చెప్పే అక్క, "ఆ రోగులు ఏ దేశం వాళ్లో చూడు" అంది. ఎక్కువమంది ఆస్ట్రేలియా ఆసుపత్రుల వాళ్లు. "తరువాత ఇంకేమైనా వచ్చిందా చూడు" అంది. వచ్చింది. స్విట్జర్లాండ్‌లో జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రులు నియమం ప్రకారం మార్చడం మానేసి, అవసరమైతేనే మార్చే పద్ధతికి వెళ్లాయి. నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాల లెక్క తీస్తే, ఆ మార్పు తరువాత రక్త ఇన్ఫెక్షన్లు పెరిగాయని, పాత పద్ధతికి తిరిగి వెళ్లాక తగ్గాయని 2021లో ప్రచురించారు. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అంది: "మేడమ్, అంటే అసలు ప్రశ్న ఎన్ని రోజులని కాదు గదా. సూది పెట్టిన చోటును రోజూ ఎవరైనా చూస్తున్నారా అని."

ఆ మాట మేము చెప్పింది కాదు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ వాక్యం ఆమె చదవలేదు.

ఆ తరువాత వార్డులో అద్భుతమేమీ జరగలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు రెండు కాగితాలూ చూపిస్తే మొదట కోపం వచ్చింది. స్టూడెంటు వచ్చి తనకు నేర్పడమేమిటని. నాలుగు రోజులకు ఆమే పిలిచి, ఆ కాగితాలు ఇంకోసారి ఇమ్మంది. మూడు రోజుల నియమం అలాగే ఉంది. కానీ ప్రతి షిఫ్టులో సూది చోటు చూసి ఎరుపు, వాపు, నొప్పి ఉన్నాయో లేదో రాసే చిన్న చార్టు కేస్ షీట్‌లో చేరింది. ముసలమ్మ అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మా మొదటి ఆన్‌లైన్ పాఠం సంగతి. 2020లో కాలేజీలు మూతపడినప్పుడు హడావుడిగా దాన్ని తయారు చేశాం. యాభై నిమిషాల వీడియో. మొదటి పది నిమిషాలు లైబ్రరీ చరిత్ర, పని వేళలు, ఎన్ని పుస్తకాలున్నాయి. తరువాత ఒక్కొక్క డేటాబేసు పేరు, దాని బొమ్మ, దాని గొప్ప. అంతా ఇంగ్లీషు, అదీ మేము ఎప్పుడూ మాట్లాడని ఇంగ్లీషు. ఎస్.ఆర్.రంగనాథన్ గారు తమిళనాడులోని శీర్కాళిలో పుట్టినవారు, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని నడిపినవారు. ఆయన 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుల సమయం కాపాడమని. డిగ్రీలో దాన్ని బట్టీపట్టి పరీక్ష రాసినవాళ్లం మేము. యాభై నిమిషాల వీడియో తీసినప్పుడు మాలో ఒక్కరికీ అది గుర్తుకు రాలేదు.

గంజాం జిల్లాలో ఇంటి మేడ మీదికెక్కితే తప్ప సిగ్నల్ అందని పిల్ల, షోలాపూర్‌లో తల్లి ఫోను రాత్రి తొమ్మిదికి గానీ చేతికి రాని పిల్ల, ఆ వీడియోను ఎలా చూస్తారు? చూసినా, అందులో వాళ్ల ప్రశ్న ఎక్కడుంది?

అందుకని అది తీసేశాం. ఇప్పుడు ఒక పాఠం అంటే ఒక ప్రశ్న. అది వార్డు నుంచే రావాలి. ఐదారు నిమిషాలు మించదు. వీడియో బరువనిపిస్తే గొంతు మాత్రమే ఉన్న ఆడియో ఉంటుంది. అదీ కుదరకపోతే తెర బొమ్మలతో రెండు పేజీల పీడీఎఫ్, వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. వివరణ తెలుగులో. వెతికే మాటలు మాత్రం ఇంగ్లీషులో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలికి. ఇక్కడ మాలో పెద్ద వాదనే జరిగింది. అన్నిటికీ తెలుగు మాటలు కల్పించాలని ఒకరు, అసలు తెలుగెందుకు, నర్సులు రేపు లండన్ వెళ్లాలి గదా అని ఒకరు. పబ్‌మెడ్ శీర్షికలు ఇంగ్లీషులోనే ఉంటాయి, కల్పించిన తెలుగు మాట అక్కడ పనికిరాదు. కానీ ఎందుకు వెతుకుతున్నామో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలో ఆలోచించుకునేది ఇంటి భాషలోనే. రాయగడ అమ్మాయి తన పెద్ద మాటను మాకు తెలుగులోనే చెప్పింది.

పాఠం చివర మార్కుల ప్రశ్నలు పెట్టడం కూడా మానేశాం. ఏది సరైన జవాబో గుర్తించమంటే అందరూ గుర్తిస్తారు, వార్డులోకి వెళ్లి మళ్లీ మొదటి గూగుల్ పేజీనే నమ్ముతారు. ఇప్పుడు వాళ్లు మాకు పంపాల్సింది తమ సొంత ప్రశ్న, వెతికిన మాటలు, ఎక్కడ దారి తప్పారు అన్నది. దారి తప్పిన కాగితాల నుంచే తరువాతి పాఠాలు వస్తున్నాయి.

అందుబాటు గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వేదికకు అన్యాయం చేసినట్టే. వెతకడం నేర్చుకున్న పిల్లకు వ్యాసం పేరు దొరుకుతుంది. నొక్కితే డబ్బు కట్టమంటుంది. ఒక్క వ్యాసానికి అడిగే ధర ఆమె నెల మెస్సు బిల్లులో పెద్ద ముక్క. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఒకే దేశం ఒకే చందా అనే పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, 13,000 దాకా జర్నళ్లు. 2025 జనవరి 1 నుంచి మొదలైంది. మంచి పనే. కానీ అది ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు, ప్రభుత్వ పరిశోధనా సంస్థలకు. దేశంలో నర్సింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి, కొన్ని మిషను ఆసుపత్రులవి. మన పిల్లలు, అందులోనూ దళిత కుటుంబాల నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లలు, అప్పు చేసి ఫీజు కట్టి చదివేది ఎక్కువగా అక్కడే. ఐఐటీ కుర్రాడికి తెరుచుకునే పేజీ ఈ అమ్మాయికి తెరుచుకోదు. రోగి మంచం పక్కన రాత్రంతా నిలబడేది మాత్రం ఈమె.

పథకం ఈ కాలేజీలకు కూడా రావాలని అడగడం మనందరి పని. ఈలోగా న్యాయమైన దారులు ఉన్నాయి, వాటికి ఒక పాఠం మొత్తం కేటాయించాం. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి వ్యాసాలు ఉచితంగా ఉంటాయి. పబ్‌మెడ్‌లో ఎడమ పక్కన ఉచిత పూర్తి పాఠం అనే గడి నొక్కితే అలాంటివే మిగులుతాయి. కోక్రేన్ సమీక్షలు ప్రచురించిన 12 నెలలకు అందరికీ ఉచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలకు డబ్బు కట్టక్కర్లేదు. ఏదీ కుదరకపోతే రచయితకు మర్యాదగా నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయడం. ఆ నాలుగు వాక్యాలు ఎలా రాయాలో కూడా పాఠంలో ఉంది. పిల్లలు దీనికి చాలా భయపడతారు, అంత పెద్ద డాక్టరుకు మనం రాయడమా అని. పంపినవాళ్లలో కొందరికి మరునాడే వ్యాసం వచ్చింది.

(మాటల్లో మాట. కొన్ని కాలేజీల్లో పుస్తకాలు అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉంటాయి. తనిఖీ రోజున తాళం తీస్తారు. తాళంచెవి మా దగ్గరే ఉండేది కాబట్టి ఈ పాపంలో మాకూ వాటా ఉంది.)

దొరికిందంతా నమ్మదగినది కాదన్నది ఇంకో పాఠం. దానికి మేము వాడే ఉదాహరణ హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020 మార్చిలో మన దేశంలో కోవిడ్ రోగులను చూసే ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా ఆ మాత్రను సూచించారు. నర్సులు మింగారు. మే నెలలో లాన్సెట్ పత్రికలో 96,000 మంది రోగుల లెక్కలంటూ ఒక వ్యాసం వచ్చింది, ఆ మందు తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన ప్రయోగంలో ఆ భాగాన్ని కొన్నాళ్లు ఆపింది. రెండు వారాల్లో వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, ఎందుకంటే అసలు లెక్కలను చూపించడానికి వాటిని సమకూర్చిన కంపెనీ ఒప్పుకోలేదు. వ్యాసం పోయింది కాబట్టి మందు పనిచేస్తుందని కూడా కాదు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగంలో ఆసుపత్రిలో చేరిన రోగులకు దానివల్ల మేలు కనబడలేదు. వెనక్కి తీసుకున్న వ్యాసం మీద పబ్‌మెడ్‌లో ఆ ముద్ర స్పష్టంగా ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ మీద ఉండదు. ఆ ముద్ర ఎక్కడుంటుందో చూపించడానికి మూడు నిమిషాలు చాలు.

ఈ మధ్య పిల్లలు చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. అడగవద్దని మేము చెప్పడం లేదు. కష్టమైన ఇంగ్లీషు పేరాను సులువైన తెలుగులో చెప్పమంటే చాలాసార్లు బాగానే చెబుతుంది. కానీ ఆధారాలు ఇమ్మంటే లేని వ్యాసానికి ఉన్నట్టు పేరు, సంవత్సరం, జర్నల్ కల్పించి ఇచ్చిన సందర్భాలు మేమే చూశాం. అందుకని అది ఇచ్చిన ప్రతి వ్యాసం పేరునూ పబ్‌మెడ్‌లో వెతికి, ఉందని చూసుకున్నాకే వాడమంటున్నాం.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. వెతకడం నేర్పగలం. దొరికిన కాగితం పట్టుకుని సీనియర్ ముందు నిలబడే ధైర్యం ఐదు నిమిషాల ఆడియోతో రాదు. "నీకెందుకు" అన్న మాట ఈ పిల్లలు వార్డులో కొత్తగా వినడం లేదు. ఇంట్లో విన్నారు, ఊళ్లో విన్నారు, కొందరు కులం పేరుతో కూడా విన్నారు. మా రెండో సంవత్సరం పిల్ల ఒకామె మంచి వ్యాసం వెతికి, ప్రింటు తీసుకుని, వార్డులో చూపించకుండానే బ్యాగులో పెట్టుకుని తిరిగింది నెల రోజులు. ఆమెకు మేమేం చెప్పాలో మాకు తెలియలేదు. చివరికి టీచరు అక్క ఆమెతో కలిసి వార్డుకు వెళ్లి పక్కన నిలబడింది. అది ఆన్‌లైన్‌లో పెట్టలేం.

తరువాతి పాఠం మంచానపడిన రోగుల పుండ్ల గురించి. దాన్ని యానాం అమ్మాయి తన గొంతుతో చెబుతోంది. మొదట మేము ఆమె మాటను దిద్దబోయాం, పుస్తకాల తెలుగులోకి. "అలా అయితే మా అమ్మకు అర్థం కాదండీ, మా అమ్మకు వినిపించే పంపుతాను" అంది. దిద్దడం మానేశాం. ఇప్పుడు మాకు షోలాపూర్ తెలుగు కావాలి, హోసూరు తెలుగు, బరంపురం తెలుగు కావాలి. మీ ఇంట్లో నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే పిల్లలుంటే సభ అయ్యాక మమ్మల్ని కలవండి. మైకు, స్టూడియో అక్కర్లేదు. ఫోను చాలు. రికార్డు చేసే ఆ ఐదు నిమిషాలు ఫ్యాను ఆపేయాలి, అంతే.